కొట్టుగదిలో పెరిగిన పిల్లవాడు

ప్రతి ఏప్రిల్ నెలలోనూ మన విద్యాలయం ఆఫీసు ముందు కొత్తగా చేరే పిల్లలు బల్లల మీద వంగి దరఖాస్తులు నింపుతూ ఉంటారు. పేరు, తండ్రి పేరు, తరగతి అన్నీ చకచకా రాసేస్తారు. 'స్వస్థలం' అన్న గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆగుతుంది. పోయిన ఏడు ఒక ఆరో తరగతి అబ్బాయి తల ఎత్తి మమ్మల్ని అడిగాడు: "సార్, నేను పుట్టింది జోధ్‌పూర్‌లో. చదివింది తేజ్‌పూర్‌లో. నాన్నగారిది విజయనగరం, కానీ నేను అక్కడ పది రోజులకు మించి ఎప్పుడూ లేను. ఇక్కడ ఏం రాయమంటారు?"

మేము ఉద్యోగంలో చేరి పదకొండేళ్లయింది. ఇది అయిదో ఊరు. అయినా ఆ అబ్బాయికి వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ రోజు సాయంత్రం మాకు గుర్తుకు వచ్చినది ఒక జపాన్ రచయిత. ఆయన కూడా బదిలీల ఇంట పుట్టినవాడే. పేరు ఇనోయే యసుషి. మన తెలుగువాళ్లలాగే జపాన్‌వాళ్లు కూడా ఇంటిపేరు ముందు చెబుతారు, కాబట్టి ఇనోయే అనేది ఇంటిపేరు. ఆ పేరు రాసే రెండు అక్షరాలకు బావి, పైన అని అర్థం.

ఆయన 1907 మే 6న జపాన్ ఉత్తరాన హొక్కైదో దీవిలోని ఆసాహికావా పట్టణంలో పుట్టారు. చలికి పేరుపడిన ఊరు అది. తండ్రి సైన్యంలో వైద్యుడు. అప్పటికి ఆయన పనిచేస్తున్న పటాలం అక్కడ ఉంది కనుక బిడ్డ అక్కడ పుట్టాడు, అంతే. మరుసటి ఏడే తండ్రిని కొరియాకు పంపారు. తల్లి చంటిబిడ్డను ఎత్తుకుని పుట్టింటి ఊరికి వచ్చేసింది. ఆ తరువాత తండ్రి ఉద్యోగం తోక్యో, షిజువోకా, టొయొహాషి, హమామత్సు, తైపే అంటూ తిరుగుతూనే ఉంది. మీలో చాలామంది ఇళ్లలో ట్రంకుపెట్టెల మీద తెల్లరంగుతో రాసిన పాత ఊళ్ల పేర్లు ఇలాగే వరుసగా ఉంటాయి.

అయితే ఈ పిల్లవాడు ఆ ఊళ్లన్నీ తిరగలేదు. అయిదారేళ్ల వయసులో వాడిని ఇజు ద్వీపకల్పం మధ్యలో, కొండల నడుమ ఉన్న యుగాషిమ అనే పల్లెలో దిగబెట్టారు. వేడినీటి బుగ్గలున్న ఊరు అది. తల్లికి ఇంకో కాన్పు దగ్గరపడింది, ఇంట్లో చేసేవాళ్లు లేరు, కొన్నాళ్లే కదా అనుకున్నారు. ఆ కొన్నాళ్లు దాదాపు ఏడెనిమిదేళ్లయింది.

ఎవరి దగ్గర ఉంచారన్నదే ఈ కథలో విచిత్రం. ఆవిడ పేరు కానో. పిల్లవాడు ఆవిడను అవ్వా అనే పిలిచేవాడు. నిజానికి ఆవిడతో రక్తసంబంధం ఏమీ లేదు. యసుషి ముత్తాత ఆ ప్రాంతంలో పేరున్న వైద్యుడు. ఆయన పెళ్లి చేసుకోకుండానే ఆవిడను చేరదీశాడు. చివరి రోజుల్లో ఆవిడకు ఒక అండ ఉండాలని, తన మనవరాలిని, అంటే యసుషి తల్లిని, ఆవిడకు దత్తత కూతురిగా కాగితాల మీద రాయించాడు. ఊళ్లోవాళ్లకు ఆవిడంటే గిట్టదు. పెద్దింటివాళ్లకు అసలే గిట్టదు. అలాంటి ఆవిడ చేతికి ఈ పిల్లవాడు వచ్చాడు. వాడు తన దగ్గర ఉన్నంతకాలం ఆ కుటుంబంలో తనకూ ఒక చోటు ఉంటుందని ఆవిడకు తెలుసు. అందుకే వాడిని కంటికి రెప్పలా చూసుకుంది. ఆ ముద్దులో కొంత స్వార్థం ఉందని పెద్దయ్యాక ఇనోయే దాచకుండానే రాశారు. స్వార్థం ఉన్నంత మాత్రాన అది ప్రేమ కాకుండా పోలేదని కూడా ఆయన రాతల్లో తెలుస్తూనే ఉంటుంది.

వాళ్లిద్దరూ ఉన్నది మామూలు ఇంట్లో కాదు, ఒక కొట్టుగదిలో. జపాన్‌లో పాతకాలపు ఇళ్లు కొయ్యతోనూ కాగితపు తలుపులతోనూ కట్టేవారు. నిప్పంటుకుంటే ఊరంతా బూడిదే. అందుకని కలిగినవాళ్లు విలువైన సామాను దాచుకోవడానికి మందపాటి మట్టిగోడలతో, పైన సున్నం పూసి, చిన్న కిటికీలతో విడిగా ఒక కొట్టు కట్టుకునేవారు. మన పల్లెల్లో ధాన్యం కొట్లను చూసినవాళ్లకు ఆ చీకటి, ఆ చల్లదనం కొంత తెలుస్తాయి. అలాంటి కొట్టు పై అంతస్తులో ఒక ముసలావిడ, ఒక పిల్లవాడు.

ఈ బాల్యం గురించి ఆయన 'షిరోబాంబా' అనే నవల రాశారు. అందులో పిల్లవాడి పేరు కోసాకు, అవ్వ పేరు ఒనూయి. షిరోబాంబా అంటే తెల్ల ముసలవ్వ అని అర్థం. చలికాలం వచ్చే ముందు, పొద్దుగూకే వేళకు దూదిపింజల్లా గాలిలో తేలే చిన్న పురుగులకు ఆ పల్లె పిల్లలు పెట్టుకున్న పేరు అది. మన తోటల్లో మొక్కలకు పట్టే పేనుబంక జాతిదే ఆ పురుగు కూడా. సాయంత్రం పిల్లలందరూ చెట్టు రెమ్మలు పట్టుకుని వాటి వెంట పరుగెడతారు. ఒక్కొక్క ఇంటి నుంచి తల్లి కేక వేస్తుంది, ఒక్కొక్క పిల్లవాడు అన్నానికి వెళ్లిపోతాడు. నవల అక్కడ మొదలవుతుంది. తల్లి పిలుపు లేని పిల్లవాడు ఆ కేకలను ఎలా వింటాడో మీరే ఊహించుకోండి. కోసాకు మాత్రం ఏడుస్తూ కూర్చునే రకం కాదు. అల్లరివాడు. అవ్వ గారాబం వల్ల కాస్త మొండివాడు కూడా.

ఆ నవలలో కోసాకూ అవ్వా కలిసి టొయొహాషిలో ఉన్న అమ్మానాన్నలను చూడడానికి ప్రయాణం చేసే భాగం ఉంది. పల్లె నుంచి గుర్రబ్బండి, అక్కడ నుంచి చిన్న రైలు, తరువాత పెద్ద రైలు. ఇంత దూరం వెళ్తే అక్కడ అమ్మ పరాయి మనిషిలా కనిపిస్తుంది. అమ్మకు పద్ధతులు ముఖ్యం. అలా కూర్చోకూడదు, ఇలా మాట్లాడకూడదు అంటుంది. పిల్లవాడిని తల్లి తన దగ్గరే ఉంచేసుకుంటుందేమోనని అవ్వకు లోలోపల భయం. పిల్లవాడికి ఏం కావాలో వాడికే సరిగ్గా తెలియదు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల క్రితం మాకు కొండప్రాంతంలో ఒక చిన్న ఊరికి బదిలీ అయింది. మా పాపకు అప్పుడు మూడేళ్లు, తరచూ ఆయాసం వచ్చేది. ఆ చలి దానికి పడదని డాక్టరు చెప్పారు. రెండేళ్లు అమ్మమ్మ దగ్గర తెనాలిలో ఉంచాం. మొదటి సెలవులకు వెళ్తే అమ్మమ్మ కొంగు చాటు నుంచి మమ్మల్ని చూసింది. "ఎవరొచ్చారే?" అని అమ్మమ్మ అడిగితే "ఫోనులో అమ్మా నాన్నా" అంది. మూడో రోజుకు మా పక్కన పడుకుంది. పదో రోజున మేము తిరుగు ప్రయాణం అయ్యాం. ఇప్పుడు మా దగ్గరే ఉంది, బాగానే ఉంది. ఆ నవల చదువుతున్నప్పుడు మాత్రం టొయొహాషి ప్రయాణం దగ్గర పుస్తకం కాసేపు మూసి పెట్టాం.

అవ్వ చనిపోయాక, పన్నెండేళ్ల వయసులో, యసుషి హమామత్సులో తల్లిదండ్రుల దగ్గరకు చేరాడు. అది కూడా ఎక్కువ కాలం సాగలేదు. తండ్రికి తైపే బదిలీ అయింది. చదువు చెడకూడదని పిల్లవాడిని మళ్లీ వెనకే ఉంచారు. నుమాజు అనే ఊరిలో ఒక బౌద్ధాలయంలో బస చేస్తూ బడికి వెళ్లాడు. అంటే తల్లిదండ్రులతో కలిసి ఉన్న కాలం ఆయన జీవితంలో చాలా తక్కువ.

పై చదువు గురించి క్లుప్తంగా చెబుతాం. కనజావాలో ఉన్నత పాఠశాలలో పుస్తకాల కంటే జూడో ఎక్కువ. తరువాత ఒక విశ్వవిద్యాలయంలో చేరి మానేశారు. చివరకు క్యోతో విశ్వవిద్యాలయం నుంచి 1936లో పట్టా తీసుకున్నారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంట్లో తిట్లు తింటున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ఈ అంకె వాళ్లకు చెప్పవచ్చు.

అదే సంవత్సరం ఒసాకాలో మైనిచి దినపత్రికలో చేరారు. మరుసటి ఏడు సైన్యంలోకి పిలిచి ఉత్తర చైనాకు పంపారు. బెరిబెరి జబ్బు చేసి 1938లో తిరిగి వచ్చారు. బియ్యాన్ని మరీ తెల్లగా దంచితే పోయే బి1 విటమిన్ లోపం వల్ల కాళ్లు పట్టు తప్పే జబ్బు అది. పత్రికలో ఆయనకు అప్పగించిన విభాగాలు మతం, కళలు. రోజూ ముద్రణ సమయానికి ఏదో ఒక బౌద్ధ గ్రంథం గురించో చిత్రం గురించో అందరికీ అర్థమయ్యేలా రాయాలి. తెలియనిది పుస్తకాలు తిరగేసి తెలుసుకోవాలి. ఈ పదిహేనేళ్ల చాకిరీలోనే ఆయన తరువాతి నవలలకు విత్తనాలు పడ్డాయి. 1945 ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో లొంగుబాటు ప్రకటించినప్పుడు, మర్నాటి పత్రిక కోసం ఆ విషయం రాసినవాళ్లలో ఆయన ఒకరు.

విలేకరికి, నవలా రచయితకు తేడా ఏమిటి? ఆయన పుస్తకాల నుంచే రెండు ఉదాహరణలు చూద్దాం.

యుద్ధం ముగిశాక జపాన్‌లో తిండి లేదు, ఇళ్లు లేవు, పత్రికలు అచ్చు వేయడానికి కాగితం కూడా కరువే. అలాంటి రోజుల్లో ఒక పత్రిక ఒసాకా దగ్గర క్రీడా మైదానంలో ఎద్దుల పోటీ పెట్టింది. ఇది స్పెయిన్‌లోలాగా మనిషి కత్తితో ఎద్దును చంపే ఆట కాదు, మన జల్లికట్టు కూడా కాదు. రెండు ఎద్దులు కొమ్ములు కలిపి నెట్టుకుంటాయి, వెనుదిరిగినది ఓడినట్టు. వార్తగా రాస్తే అది నాలుగు పేరాలు. ఇనోయే దాన్ని 'తోగ్యూ', అంటే ఎద్దుల పోరు, అనే చిన్న నవలగా రాశారు. అందులో ఒక కొత్త సాయంకాల పత్రిక సంపాదకుడు తన పత్రిక బతుకంతా మూడు రోజుల పోటీ మీద పణం పెడతాడు. దూరప్రాంతం నుంచి ఎద్దులను తెప్పించాలి, వాటికి మేత దొరకాలి, అందరికీ అప్పులు. తీరా చూస్తే మొదటి రెండు రోజులూ వాన. ఖాళీ మైదానం, తడిసిన కుర్చీలు, ఆ సంపాదకుడి ముఖం. వార్తలో పట్టనిది అదే. ఈ రచనకు ఆయనకు అకుతాగావా బహుమతి వచ్చింది. అది 1949 రెండో అర్ధభాగానికి ఇచ్చిన బహుమతి. అప్పటికి ఆయన వయసు నలభై రెండు. 1951లో ఉద్యోగం మానేసి పూర్తిగా రచనకే కూర్చున్నారు.

రెండోది 'హ్యోహెకి', అంటే మంచు గోడ. 1955 జనవరిలో జపాన్ కొండల్లో ఎక్కుతున్న ఒక యువకుడి నైలాన్ తాడు తెగి అతను చనిపోయాడు. నైలాన్ తాడు జనపనార తాడు కంటే ఎంతో గట్టిదని అప్పట్లో అందరి నమ్మకం. మరి ఎలా తెగింది? ఎవరైనా కోశారా? ముడి సరిగా వేయలేదా? పోయినవాడి మీద, తోటివాళ్ల మీద అనుమానాలు పడ్డాయి. నిటారుగా లాగితే నైలాన్ చాలా బరువు మోస్తుంది, కానీ పదునైన రాతి అంచు మీద ఒరుసుకుంటే సులభంగా తెగుతుంది. మీరు భౌతికశాస్త్రం ప్రయోగశాలలో అడిగి చూడండి. ఇనోయే ఈ సంఘటనను ఆధారం చేసుకుని 1956-57లో ఒక దినపత్రికలో ధారావాహికగా నవల రాశారు. అసలు సంగతి మాత్రం నవలతో ముగియలేదు. చనిపోయిన యువకుడి కుటుంబం ఏళ్ల తరబడి పట్టు వదలకుండా పోరాడింది. 1975లో జపాన్ ప్రభుత్వం కొండలెక్కే తాళ్లకు భద్రతా ప్రమాణాలు పెట్టింది.

ఇప్పుడు మాకు చాలా ఇష్టమైన పుస్తకం దగ్గరకు వద్దాం. చైనా వాయవ్య దిక్కున, గోబీ ఎడారి అంచున, తున్‌హువాంగ్ అనే ఊరు ఉంది. అక్కడ కొండను తొలిచి చేసిన వందల బౌద్ధ గుహలున్నాయి. 1900లో అక్కడ కాపలా ఉంటున్న ఒక తావో మత సన్యాసికి ఒక గుహ గోడ వెనక మూసి ఉన్న చిన్న గది కనిపించింది. లోపల నేల నుంచి పై దాకా చుట్టచుట్టలుగా రాతప్రతులు, వేల మీద వేలు. సుమారు తొమ్మిది వందల ఏళ్ల క్రితం ఎవరో వాటిని అక్కడ దాచి గోడ కట్టి వెళ్లిపోయారు. ఎవరు? ఎందుకు? చరిత్రలో జవాబు లేదు.

ఆ జవాబు లేని చోట ఇనోయే 1959లో 'తున్‌హువాంగ్' నవల రాశారు. కథానాయకుడు కొలువు పరీక్షలకు రాజధానికి వచ్చిన తెలివైన యువకుడు. చివరి పరీక్షకు తన వంతు కోసం ఎదురుచూస్తూ చెట్టు నీడలో కూర్చుని నిద్రపోతాడు. లేచేసరికి పరీక్ష అయిపోయింది! (నవ్వకండి, బోర్డు పరీక్షలు మీకూ వస్తున్నాయి.) దిక్కుతోచక బజారులో నడుస్తుంటే పడమటి దేశపు స్త్రీనొకతెను అమ్ముతూ కనిపిస్తారు. ఆమెను విడిపిస్తే ఆమె ఒక గుడ్డముక్క ఇస్తుంది. దాని మీద ఏవో అక్షరాలు. ఇంత చదివినవాడికి ఒక్కటీ అర్థం కాదు. ఆ లిపి నేర్చుకోవాలనే ఒక్క కోరికతో అతను పడమటికి బయలుదేరతాడు. కొత్త ఊరి స్టేషన్‌లో దిగగానే బోర్డు మీద చదవలేని అక్షరాలు కనిపించడం మీకు అలవాటే. ఒడియా, గురుముఖి, మలయాళం, అస్సామీ అని మీలో ఒక్కొక్కరు ఎన్ని లిపులు దాటి వచ్చారో! కథ చివరకు యుద్ధం ఊరి మీద పడుతుంది. బంగారం, పదవి, ప్రాణం ఏవీ దక్కవని తెలిసినవేళ అతను గ్రంథాలను ఒంటెల మీద వేసి గుహకు చేరవేస్తాడు. వాటి మీద ఎవరి పేరూ లేదు.

ఈ నవల రాసేటప్పటికి ఇనోయే తున్‌హువాంగ్‌ను కళ్లతో చూడలేదు. అంతా పుస్తకాలు చదివి, పటాలు చూసి రాశారు. అక్కడికి ఆయన మొదటిసారి వెళ్లింది 1978లో, డెబ్బై ఒకటో ఏట. ఇంకొక మాట. ఆ గుహలోని వేల ప్రతులను ఆరెల్ స్టైన్ అనే పరిశోధకుడు కొని తీసుకువెళ్లింది 1907లో, ఇనోయే పుట్టిన సంవత్సరంలోనే. స్టైన్ అప్పుడు భారత ప్రభుత్వ కొలువులో ఉన్నాడు. అందుచేత ఆయన తెచ్చిన వాటిలో ఒక భాగం మన దేశానికి వచ్చింది. తున్‌హువాంగ్ పట్టు చిత్రాలు ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. మీకు ఢిల్లీ బదిలీ అయితే జనపథ్ వెళ్లినప్పుడు మధ్య ఆసియా విభాగం ఎక్కడని అడగండి.

దీనికి రెండేళ్ల ముందు రాసిన 'తెంప్యో యుగపు పెంకు' కూడా ఇలాంటి నవలే. 733లో జపాన్ నుంచి యువ భిక్షువులు కొందరు ఓడలో చైనాకు వెళ్లి, తమ దేశానికి ఒక మంచి గురువును తీసుకురావాలని తిరుగుతారు. ఒప్పుకున్న గురువు గాంజిన్. అయిదు ప్రయత్నాలు విఫలమయ్యాయి. తుపాన్లు, అరెస్టులు, చివరకు ఆయన చూపు కూడా పోయింది. ఆరోసారి, 753లో, జపాన్ చేరారు. ఇదంతా చరిత్ర. 733లో వెళ్లిన ఆ రాయబారుల ఓడల్లోనే, 736లో, బోధిసేనుడనే మన భారతీయ భిక్షువు కూడా జపాన్ చేరాడు. 752లో నారాలోని మహాబుద్ధ విగ్రహానికి కళ్లు దిద్దింది ఆయనే. నవలలో ఇనోయే కల్పించిన పాత్ర ఒకటుంది, గోగ్యో అని. తాను స్వయంగా చదివి సాధించేది ఏమీ లేదని తేల్చుకుని, దశాబ్దాల పాటు గదిలో కూర్చుని గ్రంథాలకు నకళ్లు రాస్తాడు, జపాన్‌కు పంపాలని. ఆ నకళ్లు సముద్రం పాలవుతాయి. ఒక్కటీ చేరదు. ఇనోయే దాన్ని రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్లిపోతారు. ఆ పేజీ దగ్గర మాత్రం మేము ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు.

బయట ఎడారులు, సముద్రాలు ఇన్ని రాసిన మనిషి చివరకు ఇంటి దగ్గరకే వచ్చారు. తండ్రి ఉద్యోగం నుంచి విరమించాక యుగాషిమలోనే ఎవరితోనూ పెద్దగా కలవకుండా బతికి, 1959లో చనిపోయారు. ఆ తరువాత తల్లికి మతిమరుపు మొదలైంది. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్పడం, నిన్నటిది మరచిపోవడం, ఆ తరువాత పదేళ్లనాటిది మరచిపోవడం. ఇటీవలి ఏళ్ల నుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి ఆమె జ్ఞాపకం చెరిగిపోతూ వచ్చింది. కొడుకులు, కూతుళ్లు వంతులు వేసుకుని చూసుకున్నారు. ఇనోయే పదేళ్ల వ్యవధిలో దీని గురించి మూడు భాగాలు రాశారు. మూడూ కలిసి 'మా అమ్మ కథ' అనదగిన పుస్తకమైంది. విసుగులు, కోపాలు, నవ్వులు అన్నీ ఉన్నది ఉన్నట్టు ఉంటాయి అందులో.

చివరి ఏళ్లలో ఆమె రాత్రివేళ లేచి ఇల్లంతా తిరిగేది, ఏదో వెతుకుతున్నట్టు. పసిబిడ్డ కోసం వెతుకుతోందేమో అని ఇంట్లోవాళ్లకు తోచింది. ఇనోయే అది విని ఒక దృశ్యం ఊహించుకున్నారు: ఇరవై మూడేళ్ల పడుచు తల్లి, వెన్నెల్లో, చంటివాడిని వెతుక్కుంటూ దారి వెంట నడుస్తోంది. ఆ చంటివాడు తానే. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. ఎదురుగా ఉన్న ఆయన్ను కొడుకని ఆమె గుర్తుపట్టడం మానేసింది.

తల్లి 1973లో పోయింది. 1976లో జపాన్ ప్రభుత్వం ఆయనకు సంస్కృతీ పురస్కారం ఇచ్చింది. ఎనభై ఏళ్లు దాటాక కన్ఫ్యూషియస్ మీద పెద్ద నవల పూర్తి చేశారు. 1991 జనవరి 29న చనిపోయారు.

ఇప్పుడు ఆసాహికావాలో ఆయన పేరిట స్మారక మ్యూజియం ఉంది. ఏడాది మాత్రమే ఉన్న ఊరు అయినా, మా ఊళ్లో పుట్టినవాడని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. తోక్యోలోని ఆయన చదువుగదిని, పుస్తకాల బీరువాలతో సహా అక్కడికే తరలించి పెట్టారు. సమాధి మాత్రం యుగాషిమలో, ఊరిని ఆనుకున్న కొండ మీద ఉంది. కొట్టుగది ఇప్పుడు లేదు.

ఆ ఆరో తరగతి అబ్బాయి చివరకు గడిలో విజయనగరం అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో తేజ్‌పూర్ అని కూడా రాశాడు. ఆఫీసులో దిద్దుతామన్నారు. మేము ఉండనివ్వమన్నాం.